కుడివైపు బాణం

రాజమహేంద్రవరం,
4 జూన్ 2025

అన్నయ్యా,

నువ్వు పంపిన కాగితాల కట్ట, పెన్నులు, టింగుమని మోగే ఆ చిన్న యంత్రం భద్రంగా అందాయి. మొదటి వారం కాగితాలు ఈ ఉత్తరంతో పాటే కొరియర్‌లో పంపుతున్నాను. ఫోన్ చెయ్యమన్నావు కానీ, ఫోన్లో నాకు గొంతు పెగలదని నీకు తెలిసిందే కదా. మాట్లాడాలంటే కింద కొట్లోకి దిగాలి. అక్కడ గాజులు వేయించుకునే ఆడవాళ్ళందరూ చేతులు చాపినవాళ్ళు చాపినట్టే నా వంక చూస్తారు. అందుకని కాగితాలు పంపేటప్పుడల్లా ఇలా నాలుగు ముక్కలు రాస్తాను. ఎనిమిదో తరగతితో ఆగిపోయిన రాత. తప్పులుంటే నువ్వు నవ్వుకో, పెద్దమ్మకు మాత్రం చదివి వినిపించకు.

మా బాల్కనీ సరిగ్గా నీళ్ళట్యాంకు సెంటర్ మీదకే ఉంటుంది. మా ఇంటి ముందు నుంచి వచ్చే బళ్ళు సిగ్నల్ దగ్గర ఆగుతాయి. తిన్నగా పోతే బ్రిడ్జి. కుడివైపు తిరిగితే గోదావరి గట్టు రోడ్డు. ఆ రోడ్డులో ముందు ఆసుపత్రి వస్తుంది, అది దాటాక శ్మశానం. యంత్రం టింగుమన్నప్పుడల్లా కుడివైపు తిరగడానికి ఎన్ని బళ్ళు ఆగి ఉన్నాయో చూసి గడిలో రాయమన్నావు. అంతేనా? ‘ఆలస్యం అంచనా’ అంటే ఎవరెవరు ఎందుకు ఆలస్యంగా వెళ్తున్నారో బండి ఆపి అడగాలేమోనని రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మీ బావగారు పగలబడి నవ్వారు. “ఆవిడ అడగడమే! కూరలావిడని కొత్తిమీర అడగడానికి కూడా నన్నే పిలుస్తుంది” అన్నారు.

అత్తయ్యకు మాత్రం అనుమానం తీరలేదు. “ఇదంతా రోడ్డు వెడల్పు చేసి మన కొట్టు కొట్టేయడానికి కాదు కదమ్మా?” అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడుగుతారు. నువ్వు చెప్పినట్టే చెప్పాను. సిగ్నల్‌కి కెమెరా పెట్టారనీ, దానికి అడ్డంగా ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారనీ, దాన్ని తీసే ధైర్యం ఎవరికీ లేక మనుషులతో రాయిస్తున్నారనీ. “ఫ్లెక్సీ తీయడం కన్నా కడుపుతో ఉన్న నా కోడల్ని బాల్కనీలో కూర్చోబెట్టడం తేలికన్నమాట. బాగుంది” అన్నారు.

ఇంకో మాట. నాకు ఆరో నెల కదా, వైకుంఠ రథం వస్తే నేను చూడకూడదట. దూరంగా డప్పు వినపడగానే అత్తయ్య నన్ను లోపలికి పంపి, తలుపు వేసి, పెన్ను తనే తీసుకుంటారు. కాబట్టి గళ్ళు ఎక్కడా ఖాళీగా ఉండవు, కంగారుపడకు. ఆవిడ ఐదో తరగతే చదివారు కానీ అంకెలు నాకంటే గుండ్రంగా రాస్తారు.

యంత్రం మోగుతోంది. ఉంటాను.

భాను


విశాఖపట్నం,
11 జూన్ 2025

భానూ,

నీ కాగితాలు చూసి మా ఆఫీసులో అందరూ ముచ్చటపడ్డారు. మా దగ్గర డిగ్రీలు చదివిన కుర్రాళ్ళు టీకి వెళ్ళి వచ్చి గళ్ళు నింపుతారు. నువ్వు కూర్చున్న చోటు నుంచి కదలకుండా రాశావని అంకెలే చెబుతున్నాయి. మా నాగేశ్వరప్రసాద్ సార్ “మీ చెల్లెలు ఎక్కడ చదివారు?” అని అడిగారు. “తణుకులో” అని ఊరుకున్నాను. అబద్ధం కాదుగా!

దేనికిదంతా అని అడగలేదు కానీ నీకు తెలుసుకోవాలని ఉంటుంది. క్రషింగ్ రోజుల్లో పంచదార ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరుకు ట్రాక్టర్లు బారులు తీరేవి గుర్తుందా? మనం గోడెక్కి గడలు లాక్కునేవాళ్ళం. ఒక్కో ట్రాక్టరు ఎంతసేపు ఆగిందని ఎవరూ గడియారం పట్టుకుని నిలబడక్కర్లేదు. కొంచెం కొంచెం సేపటికి ఒకసారి బారులో ఎన్ని ఉన్నాయో చూస్తే చాలు. అవన్నీ కూడి, మధ్య ఉన్న టైముతో హెచ్చవేసి, మొత్తం లోపలికి వెళ్ళిన ట్రాక్టర్లతో భాగిస్తే, ఒక్కొక్కటి సగటున ఎంతసేపు ఆగిందో వచ్చేస్తుంది. ఇక్కడా అంతే. కుడివైపు తిరిగేవాళ్ళు ఎక్కువసేపు ఆగుతున్నారని తేలితే పచ్చ బాణం ఎక్కువసేపు వెలిగేలా పెడతారు. తక్కువే అని తేలితే దాన్లోంచి కొంత కోసి, బ్రిడ్జి వైపు తిన్నగా వెళ్ళేవాళ్ళకి ఇస్తారు.

వైకుంఠ రథం సంగతి చదివి నవ్వుకున్నాను. అత్తయ్యగారికి నా తరఫున నమస్కారాలు, ఆఫీసు తరఫున థాంక్సు. కొట్టుకేమీ కాదని గట్టిగా చెప్పు. ఐరన్ మాత్రలు మానకు. చిన్నప్పుడు మాత్రల్ని కిటికీలోంచి విసిరేసేదానివి, నాకు తెలుసు.

మీ అన్నయ్య
పృథ్వీ


రాజమహేంద్రవరం,
3 జూలై 2025

అన్నయ్యా,

ఇదే ఆఖరి కట్ట. యంత్రం కూడా పాత చీర ముక్కలో చుట్టి పెట్టాను. పని అయిపోయిందంటే దిగులుగా ఉంది. ఇన్నాళ్ళు బాల్కనీలో కూర్చున్నాక ఈ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు చాలామంది అయ్యారు. వాళ్ళకే నేను తెలీదు. పూతరేకుల పెట్టె సైకిల్‌కి కట్టుకుని వెళ్ళే ముసలాయన ఎర్రదీపం పడగానే సీటు దిగి నడుం పట్టుకుంటాడు. స్కూటీ మీద వెళ్ళే నర్సు ఒకామె రోజూ సిగ్నల్ దగ్గరే జడ వేసుకుంటుంది. జడ పూర్తికాకుండా బాణం వెలిగితే ఆవిడకి కోపం.

నీతో ఒకటి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నువ్వు చదువుకున్నవాడివి, నేను చెప్పడమేమిటని. కానీ ఇక్కడ హారన్ల గోల అంతా ఇంతా కాదు. అదీ డప్పు వచ్చినప్పుడే ఎక్కువ. నేను లోపల మంచం మీద చెవులు మూసుకుని కూర్చుంటాను, అయినా తలుపులు అదురుతాయి. “ఎందుకత్తయ్యా అంత గోల?” అని అడిగాను.

“ఎందుకేంటి? శవం వెనకాల ఎవరు ఆగుతారమ్మా? రథానికీ వెనక బండికీ మధ్య లారీ పట్టేంత ఖాళీ వదిలేస్తారు. బాణం వెలిగినా ఆ రథం దూరం పోయేదాకా వీళ్ళు కదలరు. కదిలేలోపు మళ్ళీ ఎర్రదీపం. వెనకున్నవాళ్ళు హారన్ కొట్టక ఏం చేస్తారు?” అన్నారు.

గట్టు రోడ్డుకి రోజూ నాలుగైదు రథాలు పోతాయి అన్నయ్యా. ఎండలు ముదిరిన రోజుల్లో ఇంకా ఎక్కువే. ఈ సంగతి నీ లెక్కలోకి వచ్చిందో లేదోనని రాశాను. వచ్చే ఉంటుందిలే.

నాకు రేపటి నుంచి చేతిలో పని లేదు. అత్తయ్య పాత చీరలు చింపి బొంతలు కుట్టమన్నారు. అమ్మ ఉంటే పురుటికి తణుకు వచ్చేదాన్ని. ఇప్పుడు ఇక్కడే. ఆసుపత్రి దగ్గరే కదా, కుడివైపు తిరిగితే వచ్చేస్తుంది అని ఆయన ధైర్యం చెబుతున్నారు.

ఉంటాను.
భాను


విశాఖపట్నం,
15 జూలై 2025

భానూ,

శుభవార్త. రిపోర్టు ఇచ్చేశాం. అందరూ గోల పెట్టినంత ఆలస్యమేమీ ఆ కుడి మలుపులో లేదని తేలింది. నీ కాగితాల వల్లే తేలింది. ఆగస్టు మొదటి తారీకు నుంచి బాణం టైము కొంత తగ్గించి, బ్రిడ్జి వైపుకి పెంచుతారు. సార్ మీటింగులో నన్ను పేరు పెట్టి మెచ్చుకున్నారు.

హారన్ల గురించి రాశావు. చెవికి వినిపించేది వేరు, లెక్కకి అందేది వేరు భానూ. నలుగురు గట్టిగా హారన్ కొడితే నలభై బళ్ళు ఆగాయనిపిస్తుంది. అందుకేగా మనుషులు చెప్పేది నమ్మకుండా గళ్ళు నింపమనేది. నీ గళ్ళని నువ్వే నమ్మకపోతే ఎలా?

బొంతలు కుట్టడం మంచిదే కానీ కింద కూర్చుని లేవకు. పెద్దమ్మ సున్నుండలు పంపుతోంది. అన్నీ బావగారే తినేయకుండా చూసుకో.

పృథ్వీ


విశాఖపట్నం,
7 ఆగస్టు 2025

భానూ,

ఇది కోపంతో రాస్తున్నాను. చల్లబడ్డాక రాద్దామనుకుంటే చల్లబడటం లేదు.

బాణం తగ్గించిన మొదటి రోజు నుంచే కంప్లయింట్లు. ఆటోవాళ్ళు రోడ్డు మీద కూర్చున్నారట. నాగేశ్వరప్రసాద్ సార్ స్వయంగా వచ్చి, మీ ఎదురు మేడ మీద నుంచి రోజంతా వీడియో తీయించారు. నీ కాగితాల్లో ఉన్నదానికి రెండింతల కంటే ఎక్కువ ఆగుతున్నారు జనం. బాణం తగ్గించక ముందు కూడా అంతకు కాస్త తక్కువగా ఆగి ఉంటారు తప్ప, నువ్వు రాసినంత తక్కువ కచ్చితంగా కాదు.

నిన్న సార్ నీ కాగితాలన్నీ బల్ల మీద పరిచారు. అందులో ఆ సున్నాలేంటి? మిట్టమధ్యాహ్నం వరసగా పది పన్నెండు గళ్ళలో సున్నాలు. ట్యాంకు సెంటర్లో ఒక్క బండి కూడా ఆగని మధ్యాహ్నం ఏదైనా ఉందా? నిద్ర వచ్చిందా? వస్తే రాయలేదని చెప్పి ఖాళీ వదిలేస్తే సరిపోయేది. ఊహించి ఎందుకు నింపావు? “చదువు లేనివాళ్ళకి పని అప్పజెప్పింది మీరేగా” అన్నారు సార్, అందరి ముందూ. నేను తలెత్తలేకపోయాను.

నువ్వు అబద్ధం రాస్తావని నాకు కలలో కూడా తోచలేదు.

పృథ్వీ


రాజమహేంద్రవరం,
10 ఆగస్టు 2025

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాక కాసేపు నాకు ఏమీ వినపడలేదు. కింద ఆయన పిలుస్తున్నారట. నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. నాకేమైందోనని కంగారుపడి వచ్చి భుజం పట్టి కుదిపారు. ఉత్తరం చేతికిచ్చాను.

నేను ఒక్క గడిలో కూడా సున్న పెట్టలేదు. అమ్మ మీద ఒట్టు. ఒక్క సైకిల్ రిక్షా ఉన్నా రాశాను. నిద్ర వస్తే కళ్ళకి నీళ్ళు చల్లుకుని రాశాను. అలాంటిది సున్నాలెక్కడివి అని ఆలోచించగా ఆలోచించగా, డప్పు మోగినప్పుడు పెన్ను ఎవరి చేతిలో ఉండేదో గుర్తొచ్చింది.

అత్తయ్య వాకిట్లో కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. ఆవిడ ఎదురుగా నిలబడి అడగడం నాకు ఇదే మొదటిసారి.

“అత్తయ్యా, డప్పు వచ్చినప్పుడు గళ్ళలో మీరేం రాసేవారండీ?”

“ఏం రాస్తాను, సున్న.”

“అప్పుడు బళ్ళు ఉండేవి కాదా?”

“ఎందుకుండవూ! బారు మన కొట్టు దాటి ఉండేది.”

ఆవిడ తలెత్తకుండా అంత మామూలుగా చెప్పారు. కొట్టు పోతుందని భయపడి చేశారని నాకు అప్పుడు తోచింది. తోచింది తోచినట్టే అనేశాను. “రోడ్డు వెడల్పు చేస్తారని అలా రాశారా?”

అత్తయ్య చేతిలో పత్తి కిందపడింది. “ఎంతమాట అన్నావే భానూ! కొట్టు కోసం దొంగలెక్క రాస్తానా నేను? శవం వెనకాల నిలబడ్డ మనుషుల్ని లెక్కపెట్టకూడదే పిచ్చిదానా! లెక్కపెడితే ఆ లెక్కలో వాళ్ళు కూడా దాంతో పాటే పోతారు. మా ఇంట్లో శవం లేచిన రోజు వెంట ఎంతమంది వెళ్ళారని కూడా మా అమ్మ అడగనిచ్చేది కాదు. ఆ వరసలో పిల్లలతో వెళ్ళేవాళ్ళుంటారు, ఆసుపత్రికి వెళ్ళే రోగిష్టి వాళ్ళుంటారు. వాళ్ళని వేలు పెట్టి ఒకటీ రెండూ అంటానా? వాళ్ళకేమీ కాకూడదని దండం పెట్టుకుని మరీ సున్న చుట్టాను.”

ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. “అమ్మా!” అని ఒక్కమాట అని, గోడకి ఆనుకున్నారు. అత్తయ్య మా ఇద్దరి మొహాలూ చూసి, “ఏం? ఏమైంది? తప్పా?” అన్నారు. ఆవిడకి ఇంకా అర్థం కాలేదు. నాకు చెప్పడం చేతకాలేదు.

ఆవిడ మీద కేసు పెడతారా అన్నయ్యా? పెడితే నా మీద పెట్టమను. కాగితాల మీద సంతకం నాది.

భాను


విశాఖపట్నం,
14 ఆగస్టు 2025

భానూ,

కేసులూ గీసులూ ఏమీ ఉండవు. ముందు అత్తయ్యగారికి ధైర్యం చెప్పు. నువ్వు నన్ను క్షమించు. రాసిన ఉత్తరం వెనక్కి తీసుకునే వీలుంటే అర్ధరూపాయి బిళ్ళ మింగినవాడిలా ఇలా కూర్చునేవాణ్ణి కాదు.

నీ ఉత్తరం సార్‌కి చదివి వినిపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత కాగితాలు మళ్ళీ తీసి, సున్నాలు ఉన్న చోటల్లా శ్మశానం రిజిస్టరులో ఆ రోజు రథాలు వచ్చిన వేళలతో సరిచూశాం. అన్నీ కలిశాయి.

అత్తయ్యగారు ఆ మనుషులకి ఏమీ కాకూడదని లెక్కలోంచి తీసేశారు. సున్న అంటే అక్కడ ఎవరూ లేరని మా కంప్యూటర్ అనుకుంది. అందరికంటే ఎక్కువసేపు ఆగినవాళ్ళు ఎవరో, సరిగ్గా వాళ్ళే మా సగటులో లేరు. వాళ్ళని వదిలేసి మిగతావాళ్ళ ఆలస్యం చూసి, చాలా తక్కువే అని మేం బాణం కోశాం.

నువ్వు రెండుసార్లు రాశావు. మొదటి ఉత్తరంలోనే అత్తయ్యగారు పెన్ను తీసుకుంటారని రాశావు, నేను నవ్వుకున్నాను. జూలైలో రథం వెనక ఏమవుతుందో విడమరిచి రాశావు, నేను నీకు పాఠం చెప్పాను. కాగితాలు పైపైన కాకుండా ఒక్కసారైనా గడి గడీ చూసి ఉంటే ఆ సున్నాలు కనపడేవి. నేను చూడలేదు భానూ, అంకెలు ఎక్కించే అమ్మాయికి ఇచ్చేశాను.

కొత్త లెక్క కట్టి పంపాం. దాని మీద పై ఆఫీసులో సంతకాలు కావాలి, కమిటీ కూర్చోవాలి. తగ్గించడానికి రెండు మూడు వారాలు పట్టింది. పెంచడానికి సెప్టెంబరు నెలాఖరు అంటున్నారు. రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాను.

అందాకా ఒక్కటి విను. నొప్పులు వస్తే ఆ కుడి మలుపు వైపు వెళ్ళకండి. కాస్త చుట్టయినా ట్యాంకు వెనక రోడ్డులోంచి ఆసుపత్రికి వెళ్ళండి. బావగారికి ఫోన్ చేసి కూడా చెప్పాను. “అలాగేనండి” అన్నారు. నువ్వు మళ్ళీ గుర్తు చెయ్యి.

పృథ్వీ


రాజమహేంద్రవరం,
8 సెప్టెంబరు 2025

అన్నయ్యా,

పాప పుట్టిందని ఆయన ఫోన్లో చెప్పారు కదా. బాగుంది, పాలు తాగుతోంది, పెద్దమ్మ పోలికే. ఫోన్లో చెప్పనివి రాస్తున్నాను. నిన్న స్నానం అయింది, ఇవాళే పెన్ను పట్టుకోనిచ్చారు. నిన్న ఇంటికి ఒకాయన వచ్చి వెళ్ళినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. వరసగా చెప్తాను.

ఆగస్టు ఇరవై ఎనిమిది పొద్దున్న ఆయన సరుకు కోసం విజయవాడ వెళ్ళారు. ఇంకా రోజులున్నాయి కదా అని నేనే వెళ్ళమన్నాను. పది గంటలకి నొప్పులు మొదలయ్యాయి. నొప్పులతో పాటు రక్తం. అత్తయ్య కేకకి వీధి చివర ఆటో వెంకన్న పరిగెత్తుకొచ్చాడు. నువ్వు చెప్పిన వెనక రోడ్డుకే పోనిమ్మన్నాం. సగం దూరం వెళ్ళాక చూస్తే పైపుల కోసం అడ్డంగా గొయ్యి తవ్వేశారు. ఆటో వెనక్కి తిప్పి మళ్ళీ ట్యాంకు సెంటర్‌కే వచ్చాం.

సిగ్నల్ దగ్గర మా ముందు వైకుంఠ రథం ఉంది.

వెంకన్న చాలా వెనకాలే ఆపేశాడు. “ముందుకు పోనివ్వరా!” అని అత్తయ్య అరిచారు. “ఆయ్, అది శవం అండీ బాబూ! పురుటి మనిషిని పెట్టుకుని దాని వెనకాలకి ఎలా పోనిమ్మంటారు?” అన్నాడు. వాడు నా మంచికే అన్నాడు. బాణం వెలిగింది. రథం మెల్లగా కదలబోయేలోపే ఆరిపోయింది. నా చీరంతా తడిసిపోతోంది. అత్తయ్య ఆరిన ఆ బాణం వంక చూశారు. ఆ సున్నాలంటే ఏంటో ఆవిడకి అప్పుడు అర్థమైంది అన్నయ్యా. ఎవరూ చెప్పకుండానే. ఆవిడ మొహం నేను జన్మలో మర్చిపోలేను.

ఆటో దిగి, ఆ ఖాళీ జాగాలోంచి రథం దాకా పరిగెత్తారు. ముందు సీటులో ఒకాయన తడిపంచెతో, ఒళ్ళో నిప్పుకుండ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అత్తయ్య రెండు చేతులూ జోడించి ఏదో చెప్పారు. ఆయన వెనక్కి తిరిగి మా ఆటో వంక చూశాడు. చూసి, నిప్పుకుండతో సహా దిగిపోయాడు. తిన్నగా నడిచి వెళ్ళి నాలుగు రోడ్ల మధ్యలో నిలబడ్డాడు.

బ్రిడ్జి వైపు నుంచి బస్సులు వస్తున్నాయి, లారీలు వస్తున్నాయి. ఒక్కటి కూడా ఆయన్ని దాటలేదు. నిప్పు పట్టుకున్న మనిషి ముందు నుంచి బండి నడిపే ధైర్యం ఎవరికుంటుంది? కానిస్టేబుల్ ఈల నోట్లోనే ఉండిపోయింది. అంత పెద్ద సెంటర్లో ఒక్క హారన్ లేదు. రథం పక్కకి జరిగింది. మా ఆటో దాన్ని ఆనుకునే వెళ్ళింది. నేను కళ్ళు మూసుకోలేదు. తెల్లబట్ట కింద నుంచి బొటనవేళ్ళు కలిపి కట్టిన పాదాలు కనపడ్డాయి. ముసలమ్మ పాదాలు. అత్తయ్య రోడ్డు మీదే ఉండిపోయారు, వెనకాల పరిగెత్తుకుంటూ ఆసుపత్రికి వచ్చారు. కాసేపటికే పాప పుట్టింది. రక్తం ఎక్కించారు. ఇద్దరం బతికాం.

ఇదంతా దేవుడి దయ అనుకుంటూ ఉన్నాం. నిన్న పదకొండో రోజు పుణ్యావచనం అయ్యాక ఆ నిప్పుకుండ పట్టుకున్నాయన వచ్చాడు. గుండు మీద తుండుగుడ్డ కప్పుకుని, కొట్టు మెట్టు కూడా ఎక్కకుండా రోడ్డు మీదే నిలబడి, “ఆ రోజు ఆటోలో వెళ్ళినావిడ ఈ ఇంట్లోవారేనాండీ? క్షేమమేనా?” అని అడిగాడు. పేరు హరిబాబు. గట్టు కింద వీధిలో వెల్డింగు షాపు ఉందట, ఆటో వెంకన్నని అడిగి మా ఇల్లు కనుక్కున్నాడట. “మాకు నిన్నటితో మైల తీరిందండి. మీకు ఇవాళ్టితో తీరుతుందని లెక్క వేసుకుని వచ్చాను. ముందే వస్తే బాగుండదని” అన్నాడు.

అత్తయ్య ఆయన్ని లోపలికి పిలిచి కుర్చీ వేశారు. నేను పాపని తీసుకుని మెట్లు దిగాను. పరాయి మగవాళ్ళ ముందుకు నేను రానని నీకు తెలుసు. ఆయన ముందుకి రాకుండా ఉండలేకపోయాను. పాపని చూసి నవ్వాడు. “మీరు ఆ రోజు దిగకపోతే...” అని అత్తయ్య ఏదో అనబోయారు.

“దిగకుండా ఎలా ఉంటానండీ? ముందు రోజు మా అమ్మ మీలాగే అదే వరసలో ఉంది” అన్నాడు.

వాళ్ళమ్మ వీరమ్మగారికి ఇరవై ఏడో తారీకు గుండెల్లో నొప్పి వచ్చిందట. ఆటోలో తీసుకొస్తున్నాడు. ముందు ఎవరిదో రథం. ఎవరూ దాని దగ్గరికి పోలేదు, ఈయన ఆటోవాడూ పోలేదు. “బాణం మూడుసార్లు వెలిగిందండి. ఈ మధ్య ఇట్టే ఆరిపోతోంది కదా, ఏం చేశారో ఏంటో. ‘ఇంకా ఎంతసేపురా’ అని మా అమ్మ అడుగుతూనే ఉంది. వచ్చేశాం, వచ్చేశాం అంటూనే ఉన్నాను. తీసుకెళ్ళేసరికి, ఇంకాస్త ముందు తెస్తే చూసేవాళ్ళం అన్నారు. మర్నాడు మా అమ్మని రథంలో పెట్టుకుని అక్కడే ఆగి ఉంటే, ఈవిడ వచ్చి వెనక ఆటోలో కోడలుందని దండం పెట్టారు. ఇంక నాకు కళ్ళు కనపడలేదండి. దిగిపోయాను.”

అన్నయ్యా, నాకు చేతుల్లో పాప ఉందన్న సంగతి కూడా తెలీలేదు. ఆయన చటుక్కున కింద చెయ్యి పెట్టాడు, జారిపోతోందని.

అత్తయ్య నేల మీద కూలబడ్డారు. “ఆ సున్నాలు నేనే పెట్టాను బాబూ” అన్నారు.

“ఏ సున్నాలండీ?” అన్నాడు ఆయన.

అత్తయ్య మళ్ళీ అదే మాట అన్నారు. ఆయన పాపం పెద్దావిడకి ఏదో అయిందనుకుని, నీళ్ళు ఇవ్వమని నాకు సైగ చేశాడు. నేను కదల్లేదు. చెప్పేద్దామని నోరు తెరిచాను. గళ్ళు, టింగులు, సగటు, భాగించడం, ఇవన్నీ ఎక్కడ మొదలుపెట్టి చెప్పను? చెప్పకుండా ఎలా పంపను? ఆయన మా అమ్మాయికి ప్రాణం పోసి వెళ్తుంటే, “మళ్ళీ రండి” అని పంపేయాలా?

చివరికి నేనన్న మాట ఇది. “మా అన్నయ్య సిగ్నళ్ళ ఆఫీసులో ఇంజనీరండీ. ఆ బాణం ఎందుకు అలా అయిందో తనకి తెలుసు. తను వచ్చి మీకు చెప్తాడు.” ఆయన ఒక్క క్షణం నా మొహం వంక చూశాడు. “ఎవరైనా చెప్తే బాగుండునండి. ఎవరిని అడగాలో నాకు తెలీడం లేదు” అని తల మీద గుడ్డ సర్దుకుని వెళ్ళిపోయాడు.

అత్తయ్య నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. బాణం ఇంకా అలాగే ఉంది. ఇవాళ పొద్దున్న కూడా రెండు రథాలు వెళ్ళాయి.

నువ్వు రా. సెలవు లేదనకు, సంతకాలు కాలేదనకు. ఫోన్లో చెప్పకు, ఉత్తరం రాయకు. మీ సార్‌ని కూడా వెంటబెట్టుకుని రా. నీ లెక్క నువ్వు చెప్పు, అత్తయ్య తన మాట తను చెబుతారు, సంతకం నాదని నేను చెప్తాను. ఆ తర్వాత ఆయన ఏమంటే అది పడదాం. ఆయన ఇల్లు ఎక్కడో కనుక్కున్నాను, నేనే తీసుకెళ్తాను. బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నప్పుడు మాత్రం వెనక రోడ్డు అని చెప్పకు. ట్యాంకు సెంటర్ మీద నుంచే రా. ఎంతసేపు ఆగాల్సి వస్తే అంతసేపూ ఆగి రా.

భాను